రెండు ముక్కల్లో ముగిస్తాను

మా అపార్ట్‌మెంటు భవిష్యత్తు గురించి ఇక నాకు బెంగ లేదు. కిందటి ఆదివారం సాయంత్రం ఆరేసిన బట్టలు తీద్దామని డాబా మీదికెళ్లి, మా పిల్లల యూత్ వాళ్ల వినాయక చవితి మీటింగు మొదటి నుంచి చివరిదాకా చూశాను. బట్టలు భుజం మీదే ఉండిపోయాయి. అధ్యక్షుడు 302 ఫ్లాటు కుర్రాడు, పదో తరగతి. కార్యదర్శి 405 అమ్మాయి, ఇంటర్ ఫస్టియర్. ఎదురుగా చాప మీద ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా సభ్యులు. చిన్నపిల్లల మీటింగులు ఈ ఏడాది నుంచి పెద్దపిల్లలే నడపాలని, అలాగైతే వాళ్లకు నాయకత్వం అలవడుతుందని అసోసియేషన్‌లో తీర్మానం చేశాం. ఆ తీర్మానానికి మాకు మూడు మీటింగులు పట్టాయనుకోండి, అది వేరే సంగతి.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ స్కౌట్ల తొలి శిబిరం పెట్టినప్పుడే పిల్లల్ని నాలుగు జట్లు చేసి, జట్టుకొక కుర్రాణ్ణి నాయకుడిగా పెట్టాడు. పాపం, ఆయనకు మన సభా మర్యాదలు తెలియవు. ముడులు వేయడం, వంట చేసుకోవడం లాంటి చిల్లర పనులతో సరిపెట్టాడు. శాలువా ఎటు నుంచి కప్పాలో ఒక్కడికీ నేర్పినట్టు లేడు.

మావాళ్లకు ఆ లోటు లేదు. ఆరింటికి మీటింగన్నారు కాబట్టి ఆరూ నలభైకి మొదలైంది. ముందు వేదిక మీదికి ఆహ్వానాలు. వేదికంటే లిఫ్టు రూము మెట్లు. పేరు పిలవగానే "అబ్బే, నేనెందుకులే" అని రెండుసార్లు తల అడ్డంగా ఊపి, మూడోసారికి చొక్కా సర్దుకుంటూ లేవడం చూశాక నాకు కళ్లు చెమర్చాయి. ఇవి పుస్తకాల్లో దొరికేవి కావు. మెట్లు ఆరు, పిలిచింది తొమ్మిది మందిని. మిగిలిన ముగ్గురూ అలిగి గోడవైపు తిరిగి కూర్చున్నారు. సెల్‌ఫోన్ టార్చితో జ్యోతి ప్రజ్వలన అయిందనిపించారు.

తర్వాత కోరం. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం పార్లమెంటులో మొత్తం సభ్యుల్లో పదో వంతు ఉంటే సభ నడుపుకోవచ్చని కార్యదర్శి సివిక్స్ పుస్తకం చూసి చెప్పింది. మా యూత్‌లో సభ్యులు 23 మంది. పదో వంతంటే 2.3. ఆ పాయింట్ మూడు ఎవరు? పావుగంట వాదించుకుని, చివరికి 201 వాళ్ల మూడేళ్లవాణ్ణి ఎత్తుకొచ్చి కూర్చోబెట్టి కోరం ఉందని ప్రకటించారు. అప్పటికే అక్కడ 19 మంది ఉన్నారన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

సరిగ్గా అప్పుడే 104 ఫ్లాటు పాప, రెండో తరగతి, చెయ్యెత్తింది.

"అన్నా, ట్యాంకు..."

"కూర్చోమ్మా. అజెండాలో లేనివి చివర్లో."

మొదటి అంశం విగ్రహం ఎత్తు. ఖైరతాబాదులో 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలెట్టారని ఒకడు సభ దృష్టికి తెచ్చాడు. మనం అడుగున్నరతో మొదలెడితే ఇప్పుడే వాళ్లకంటే అరడుగు ముందుంటామని అధ్యక్షుడు తేల్చాడు. చప్పట్లు. రెండోది లడ్డూ వేలం. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలు, 2024లో 30 లక్షల వెయ్యి. కాబట్టి మనమూ 450 దగ్గర మొదలెడితే మరో 30 ఏళ్లకు వచ్చే సొమ్ముతో లిఫ్టు బాగుచేయించవచ్చని అధ్యక్షుడు హామీ ఇచ్చాడు. లిఫ్టు విషయంలో ఇంత దగ్గర గడువు మా అసోసియేషన్ కూడా ఎన్నడూ ఇవ్వలేదు.

"అన్నా, ట్యాంకూ..."

"ఇది పాయింట్ ఆఫ్ ఆర్డర్ కిందికి రాదమ్మా."

ప్రసాదం పులిహోరా, చక్రపొంగలా అన్నది ఉపసంఘానికి అప్పగించారు. అలిగిన ముగ్గురికీ కన్వీనర్ పదవులు. ఆపైన ప్రసంగాలు. "నా ముందు మాట్లాడిన పెద్దలు అన్నీ చెప్పేశారు కాబట్టి రెండు ముక్కల్లో ముగిస్తాను" అని ఒకడు తొమ్మిది నిమిషాలు మాట్లాడాడు. వాడే మొదటి వక్త.

ఈలోగా చాప తడిసింది. చెప్పులు రెండు జతలు మెల్లగా తూములవైపు బయల్దేరాయి. ట్యాంకు నిండి ఎంతసేపైందో గానీ, నీళ్లు పిట్టగోడ పక్కనుంచి పాయగా వచ్చి చాప కింద చేరాయి. సభ్యులు లేచి నిలబడితే, దయచేసి ఎవరి స్థానాల్లో వాళ్లు కూర్చోవాలని అధ్యక్షుడు కోరాడు. కూర్చున్నారు. క్రమశిక్షణంటే అదీ. మీరెందుకు చెప్పలేదని నన్నడుగుతారేమో. నేను ఆహ్వానితుణ్ణి కానండీ.

వాచ్‌మన్ కింద మోటారు కట్టేసి, రొప్పుతూ పైకొచ్చేసరికి వందన సమర్పణ నడుస్తోంది. అతనికీ ధన్యవాదాలు చెప్పారు. మర్నాడు లిఫ్టు పక్కన మినిట్స్ అంటించారు. ఆఖరి వాక్యం ఇది: "ట్యాంకు విషయం సభ దృష్టికి వచ్చినది. సమయాభావం వల్ల తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది." ఆ భాష చూసి మా అసోసియేషన్ కార్యదర్శి ఫోటో తీసుకున్నారు.

నిన్న రెండో మీటింగు. 104 పాప అందరికంటే ముందొచ్చి, చెప్పులు విప్పి లిఫ్టు రూము కిటికీలో పెట్టుకుంది. ట్యాంకు మళ్లీ పొర్లుతోంది. ఈసారి ఆ పిల్ల చెయ్యెత్తలేదు. పేరు పిలిచేదాకా ఆగింది, రెండుసార్లు తల అడ్డంగా ఊపింది, లేచి గౌను సర్దుకుంది. "నా ముందు మాట్లాడిన పెద్దలు..." అని మొదలుపెట్టింది.