పొగడ మొక్కకు గుండు కొట్టమని ఎవరు చెప్పారు?

ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. కుండీ మార్చమని హనుమకొండలో ఒక నర్సరీకి నా పొగడ బోన్సాయ్ ఇచ్చాను. ఈ రోజు తెచ్చుకుందామని వెళితే దాని మీద ఒక్క ఆకు లేదు. మొత్తం దూసేశారు. ఆకు తెంపిన ప్రతి చోటా తెల్లటి పాలు కారి, చుక్క చుక్కగా ఎండి ఉన్నాయి.

"వేర్లు కత్తిరించాం కదా సార్, ఆకులుంటే తట్టుకోలేదు" అన్నాడు అక్కడి కుర్రాడు. సాక్ష్యంగా ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఏదో చలి దేశం, బోసి ఓక్ చెట్టు, కుండీ మారుస్తున్నారు. అది ఆకు రాల్చే ఓక్ బాబూ! చలికాలానికి ముందే ఆకుల్లోని సారాన్ని కాండంలోకీ వేర్లలోకీ లాక్కుని, తనంతట తానే ఆకు విడిచింది. ఎవరూ దూయలేదు. అదే ఓక్ జాతిలో మధ్యధరా ప్రాంతపు హోల్మ్ ఓక్ ఏడాదంతా పచ్చగా ఉంటుంది. అలాంటి చెట్లు తమ నిల్వలో మంచి వాటాను ఆకుల్లోనే దాచుకుంటాయి. మన పొగడదీ నిత్యం పచ్చగా ఉండే స్వభావమే. ఆకులన్నీ పీకితే కూడబెట్టుకున్నది పీకినట్టే.

వేర్లు తగ్గినప్పుడు ఆకుల నుంచి ఆవిరయ్యే నీటిని తగ్గించాలి, నిజమే. దానికి లోపలి ముదురు ఆకులు నాలుగు తీయండి, మరీ పెద్దవి సగానికి కత్తిరించండి. నీడలో పెట్టి నీళ్లు చిలకరించండి, చెట్టు కదలకుండా కుండీకి తీగతో కట్టండి. కొత్త వేరు పుట్టాలంటే ఆకు నుంచి ఆహారమూ అందాలి, హార్మోనూ దిగాలి. ఆకే లేకపోతే చెట్టు ఉన్న కాస్త బలాన్నీ చిగురుకే ఖర్చు పెడుతుంది. పైగా ఆకు లేని చెట్టు నీళ్లు తాగదు. ఆ కుండీలో నింపింది రేగడి మట్టి! నీళ్లు దిగక, తాగేవాళ్లు లేక, కోసిన వేర్లు కుళ్లక ఏమవుతాయి? మర్రి, జువ్వి ఈ దెబ్బ కాచుకుంటాయని ప్రతి చెట్టునూ మర్రిలా చూస్తే ఎలా?

మర్రి అంటే గుర్తొచ్చింది, అసలు నా కోపం ఈ నర్సరీతో మొదలైంది కాదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పెద్ద చెట్లను వేరే చోటికి తరలిస్తామని గొప్పగా చెబుతారు. తరలించడం అంటే ఏమిటో దగ్గరగా చూశారా? కొమ్మలన్నీ నరికి, వేళ్లన్నీ కోసి, మొండెం తీసుకెళ్లి గుంటలో దించుతారు. నాలుగు చిగుళ్లు కనిపించగానే బతికిందని రాసుకుంటారు. ఆ చిగుళ్లు మొండెంలో మిగిలిన పాత నిల్వతోనూ వస్తాయి. వేరు పట్టిందో లేదో వేసవి దాటితే కానీ తెలియదు, అప్పటికి నీళ్లు పోసే మనిషి ఉండడు. మన హనుమకొండ మీదుగా వెళ్లే 163వ జాతీయ రహదారి మీదే చేవెళ్ల వైపు వందల మర్రిచెట్లున్నాయి. వాటి కోసం జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. నిలబడ్డ చోటే ఉండనివ్వండని అడగడానికి కేసు వేయాలా?

నీడ ఇచ్చే కొమ్మను అడ్డం అనుకునేవాళ్లకే చెట్లను అప్పగిస్తున్నాం. కుండీలో అరచేతి ఎత్తు చెట్టయినా, రోడ్డు పక్క వందేళ్ల మర్రి అయినా వాళ్లకు తెలిసింది ఒకటే, ముందు కత్తి తీయడం. మీలో ఎవరైనా ఈ వానలకు కుండీలు మార్పించాలనుకుంటే, పక్కనే నిలబడి చేయించుకోండి. ఆకులన్నీ దూయబోతే అక్కడే ఆపండి.