పదిహేడో నంబరు కుర్రాడు, మా బావ పాసులు

పోస్టు పొడుగు. తీరిగ్గా ఉంటేనే మొదలుపెట్టండి. సగం చదివి కామెంట్లలో కత్తులు నూరేవాళ్ళకి ముందే నమస్కారం.

2023లో ఇండోర్‌లో ఆంధ్రకీ మధ్యప్రదేశ్‌కీ జరిగిన రంజీ క్వార్టర్ ఫైనల్ గుర్తుందా? ఆవేశ్ ఖాన్ బంతి తగిలి ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు విరిగింది. పుట్టుకతో కుడిచేతి వాటం మనిషి. ఆఖరి వికెట్‌కి మళ్ళీ బ్యాటు పట్టుకొచ్చి, విరిగిన చెయ్యి బంతికి అడ్డం రాకుండా అటు తిరిగి ఎడమచేతి వాటంగా నిలబడ్డాడు. మా ఆఫీసు క్యాంటీన్లో ఆరుగురం ఒక ఫోన్‌కి తలలు ఆనించి చూశాం. ఎవడూ టీ ముట్టుకోలేదు. అంతకు రెండేళ్ళ ముందు సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు కాచుకుని 23 పరుగులతో టెస్టు నిలబెట్టినవాడు కదా, ఇంతే చేస్తాడు అనుకున్నాం.

సరిగ్గా ఏడాదికి, అదే ఇండోర్‌లో, అదే మధ్యప్రదేశ్ చేతిలో, ఆంధ్ర 4 పరుగుల తేడాతో ఓడింది. ఆ రోజు విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో గుండె విప్పేశాడు. సీజన్ మొదటి మ్యాచ్‌లో జట్టు జాబితాలో పదిహేడో నంబరు ఆటగాడి మీద గట్టిగా అరిచాననీ, వాడి తండ్రి రాజకీయ నాయకుడనీ, ఆయన ఆంధ్ర క్రికెట్ సంఘానికి చెప్పగానే తన కెప్టెన్సీ పోయిందనీ, ఇక ఆంధ్రకి ఆడననీ. ఆ కుర్రాడు తన కథ తను చెప్పాడు. విహారి వాడిన భాష బాగోలేదని ఫిర్యాదు వచ్చిందని సంఘం అంది. జట్టు ఆటగాళ్ళు సంతకాలు పెట్టిన లేఖని విహారి బయటపెట్టాడు. ఎవరిది ఎంత నిజమో డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నవాళ్ళకే తెలియాలి, నేను తీర్పు చెప్పను. నా గొడవ తర్వాత జరిగిన దాని గురించి.

అప్పటికి ఎన్నికలు మూడు నెలల్లో ఉన్నాయి. ప్రతిపక్షంలో ఉన్న చంద్రబాబు గారు విహారికి మద్దతుగా పోస్టు పెట్టారు. జూన్‌లో ప్రభుత్వం మారింది. విహారి వెళ్ళి లోకేశ్‌ని కలిశాడు, మళ్ళీ ఆంధ్రకే ఆడతానన్నాడు, ఆడాడు కూడా. 2025లో సర్దుకుని త్రిపురకి వెళ్ళిపోయాడు.

మనం అప్పట్లో 'న్యాయం జరిగింది' అని చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. కాస్త ఆగి ఆలోచిస్తే ఒళ్ళు మండింది. క్రికెట్‌లో రాజకీయ నాయకుడి చెయ్యి పడిందని గగ్గోలు పెట్టిన మనిషి, ఆ చెయ్యి తీయించుకోవడానికి వెళ్ళింది కూడా రాజకీయ నాయకుడి గుమ్మానికే. అతన్ని తప్పుపట్టడం లేదు. ఇంకో గుమ్మం ఉందా అసలు?

అంబటి రాయుడి సంగతి చూడండి. 2019 నవంబరులో ట్విట్టర్‌లో కేటీఆర్‌ని ట్యాగ్ చేసి, హైదరాబాద్ క్రికెట్ సంఘంలో అవినీతి పేరుకుపోయింది, కాస్త చూడండి సార్ అని రాశాడు. కేటీఆర్ అప్పుడు మున్సిపల్ మంత్రి. మా వీధిలో డ్రైనేజీ పొంగితే మేం ట్యాగ్ చేసేదీ ఆయన్నే. 55 వన్డేలు ఆడి 47 సగటు ఉన్న బ్యాటర్‌కి, కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శికి ఉన్న దారి ఒక్కటే అన్నమాట. సంఘం అధ్యక్షుడిగా అప్పుడున్నది అజారుద్దీన్. రాయుడు నిరాశలో ఉన్న క్రికెటర్ అని కొట్టిపారేశాడు.

అజారుద్దీన్ అంటే మా ఇంట్లో దేవుడు. మా నాన్న ఇప్పటికీ కాలర్ ఎత్తుకుని, మణికట్టు తిప్పి చూపిస్తాడు, చేతిలో బ్యాటు లేకపోయినా, చపాతీ కర్ర ఉన్నా సరే. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. 99వ టెస్టులోనూ సెంచరీ, అదే ఆఖరిదైంది. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ మీద బోర్డు జీవితకాలం బహిష్కరించింది, 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. ఈ మధ్యలో 2009లోనే మొరాదాబాద్ నుంచి ఎంపీ అయిపోయాడు. హైదరాబాదీని ఉత్తరప్రదేశ్ గెలిపించింది, 2023లో జూబ్లీహిల్స్ ఓడించింది. 2025 అక్టోబరు 31న తెలంగాణ మంత్రి అయ్యాడు. ఆటగాడిగా ఆ మనిషి దెబ్బ తిన్నదీ, దెబ్బ తీసిందీ మనలో మిగిలిన ప్రేమని ఏం చేయలేకపోయాయి. కానీ నేనడిగేది వేరు. క్రికెట్ బోర్డు చేతిలో అన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగిన మనిషికి, కుర్చీలో కూర్చున్న రోజు ఇంకో ఆటగాడి మొర నిరాశగా ఎందుకు వినపడింది? 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా దగ్గర తొక్కిసలాట అయినప్పుడూ అధ్యక్షుడు ఆయనే.

సరే, నా బండారం కూడా బయటపెడతాను, లేకపోతే మా బావ కామెంట్లలో పెడతాడు.

కొన్నేళ్ళ కింద ఒక ఐపీఎల్ మ్యాచ్‌కి మా బావ పాసు తెచ్చాడు. వాడి స్నేహితుడు ఒక ఎమ్మెల్యే పీఏ. మెడలో వేలాడే కార్డు మీద పేరు నాది కాదు, హోదా అంతకన్నా నాది కాదు. లోపల ఏసీ, మెత్తటి కుర్చీలు, వెండిరంగు మూతల కింద బిర్యానీ. నా పక్కాయన పిచ్‌కి వీపు పెట్టి కూర్చుని రెండు గంటలు ఫోన్లో ప్లాటు బేరం ఆడాడు. సిక్స్ పడి స్టేడియం ఊగితే, అటు తిరక్కుండానే 'ఎవరు కొట్టారు?' అన్నాడు. నేను చెప్పాను. 'మనోడేనా?' అన్నాడు. ఏ జట్టు ఆడుతోందో ఆయనకి తెలీదు. బిర్యానీ మాత్రం నేనూ రెండుసార్లు వడ్డించుకున్నాను. బయట ఎండలో క్యూలో నంబరు రాక వెనక్కెళ్ళిన కుర్రాళ్ళ సీట్లో కూర్చున్నానని ఆ రోజు నాకు తట్టనే లేదు.

పాసు అంటే నవ్వులాట కాదు. 2025లో ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ వాళ్ళు ఉచిత పాసుల కోసం హైదరాబాద్ సంఘం బెదిరిస్తోందని లేఖ రాశారు. ఒప్పందం ప్రకారం 3,900 ఇస్తున్నా చాలక, మ్యాచ్ రోజు ఒక బాక్సుకి తాళమేశారని వాళ్ళ ఆరోపణ. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి విజిలెన్స్ విచారణకి ఆదేశించారు, జూలైలో సీఐడీ సంఘం అధ్యక్షుణ్ణి అరెస్టు చేసింది. కేసు కోర్టులో తేలాలి. 1934లో పుట్టి, జయసింహని, అజార్‌ని, లక్ష్మణ్‌ని ఇచ్చిన సంఘం వార్తలకెక్కింది పాసుల పంచాయతీతో.

ఇప్పుడు మా మేనల్లుడి ముచ్చట. ఊరు చెప్పను, జిల్లా చెప్పను. అండర్-16 సెలక్షన్స్. మా అక్క చీటీ ఎత్తి కిట్టు కొంది. పొద్దున ఆరింటికి గ్రౌండ్‌లో దిగాం. రెండు వందల మందికి పైనే పిల్లలు, రెండు నెట్లు. ఒక్కొక్కడికి ఆరు బంతులు. వీడి వంతు పదకొండున్నరకి వచ్చింది. అప్పటికి గ్లవ్స్ చెమటకి తడిసి పిండితే నీళ్ళు కారుతున్నాయి. నాలుగో బంతికి ఒక తెల్ల ఇన్నోవా వచ్చి ఆగింది. నోట్‌బుక్ పట్టుకున్న సారు లేచి, గొడుగు పట్టుకుని కారు దగ్గరికి పరిగెత్తాడు. వాన లేదు, ఎండకి గొడుగు. వీడు ఐదో బంతిని కవర్స్‌లోకి కొట్టిన కొట్టుడు నేను చూశాను, నెట్టు వెనక నీళ్ళ సీసాలు అమ్మే ముసలాయన చూశాడు. చూడాల్సిన ఆయన గొడుగు కింద ఉన్నాడు. ఇన్నోవా దిగిన అబ్బాయి ప్యాడ్లు కట్టుకుంటుంటే ఇద్దరు పెద్దమనుషులు వంగి పట్టీలు బిగించారు. సాయంత్రం లిస్టులో ఎవరి పేరుందో చెప్పక్కర్లేదు. ఆ అబ్బాయి బాగా ఆడి ఉండొచ్చు కూడా. పాపం వాణ్ణీ ఎవరూ సరిగా చూడలేదు, కారునే చూశారు.

ఇది చెబితే వెంటనే ఒకడు వస్తాడు: 'ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్ రాలేదా? ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మ రాలేదా?' వచ్చారు నాయనా. 2025 ఆసియా కప్ ఫైనల్లో తిలక్ 69 నాటౌట్ కొట్టిన రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో టపాసులు నేనే కాల్చాను. గట్టెక్కిన ఇద్దర్ని చూపించి ఏట్లో లోతే లేదంటే ఎలా?

ఆ ఫైనల్ తర్వాత మన టైమ్‌లైన్లు ఎలా ఊగిపోయాయో తెలుసు కదా. పాకిస్తాన్ ఆటగాళ్ళతో చెయ్యి కలపాలా వద్దా, ఆసియా క్రికెట్ మండలి అధ్యక్షుడే కాక పాకిస్తాన్ మంత్రి కూడా అయిన నఖ్వీ చేతి నుంచి కప్పు తీసుకోవాలా వద్దా. క్రికెట్‌లోకి రాజకీయం రావచ్చా అని టీవీల్లో కొట్టుకున్నారు. దుబాయ్‌లో కప్పు ఎవరిచ్చారన్నది మనందరి సమస్య అయింది, మన జిల్లా గ్రౌండ్‌లో గొడుగు ఎవరికి పట్టారన్నది ఎవడి సమస్యా కాలేదు.

పైనున్న భారత క్రికెట్ బోర్డు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. సాల్వే, సింధియా, పవార్, అనురాగ్ ఠాకూర్ బోర్డు అధ్యక్షులయ్యారు, జైట్లీ పదమూడేళ్ళకి పైగా ఢిల్లీ సంఘం ఏలాడు, కాంగ్రెస్ రాజీవ్ శుక్లా ఇప్పటికీ బోర్డులో చక్కగా కూర్చున్నాడు. పార్లమెంటులో ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్ళకి అక్కడ మాత్రం ఒకే విస్తరి. బోర్డుని బాగుచెయ్యడానికి వేసిన లోధా కమిటీ చెప్పిందని సుప్రీంకోర్టు 2016లో మంత్రులు పదవుల్లో ఉండకూడదంది. మంత్రి కాకూడదన్నారు గానీ మంత్రి కొడుకు కాకూడదనలేదు కదా. అమిత్ షా కొడుకు జై షా బోర్డు కార్యదర్శి అయ్యాడు, 2024 డిసెంబరు నుంచి ప్రపంచ క్రికెట్‌ని నడిపే ఐసీసీకి ఛైర్మన్. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా మ్యాచ్ ఫీజు ఆయన హయాంలోనే వచ్చింది, మహిళల లీగూ అప్పుడే మొదలైంది. కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి 2025 నవంబరులో ప్రపంచకప్ ఎత్తిందంటే అందులో దాని పాలు కొంత లేకపోలేదు. నచ్చనివాడు చేసిన మంచి పని కూడా మంచి పనే, మింగుడు పడకపోయినా.

మంత్రి కాకూడదు, ఎంపీ కావచ్చు. ఈ సందులోంచి మన రాష్ట్ర సంఘాలు దర్జాగా నడుస్తాయి. ఆంధ్ర సంఘాన్ని చాలాకాలం నడిపిన గోకరాజు గంగరాజు 2014 నుంచి 2019 దాకా నరసాపురం ఎంపీ. 2024లో ప్రభుత్వం మారింది, కలెక్టర్లు మారారు, ఎస్పీలు మారారు, ఆగస్టులో సంఘం పాలకవర్గం మొత్తం రాజీనామా చేసింది, సెప్టెంబరులో విజయవాడ ఎంపీ కేశినేని శివనాథ్ ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యారు. క్రికెట్ సంఘం ప్రభుత్వ శాఖ కాదు కదా, దానికీ బదిలీలేంటి అని ఒక్క టీవీ చర్చ జరిగిందా? హైదరాబాద్‌లో ఇంకో రకం. అక్కడ ఓటు క్లబ్బుది. ఒకే కుటుంబం గుప్పిట్లో నాలుగేసి క్లబ్బులున్నాయని 2023లో, సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ నాగేశ్వరరావు 57 క్లబ్బులని ఎన్నికలకి దూరం పెట్టారు. ఆ ఏడాది అధ్యక్షుడు గెలిచింది ఒక్క ఓటుతో. అంటే ఆ సంఘంలో ఒక క్లబ్బు కార్యదర్శి ఓటుకున్న విలువ రంజీ సెంచరీకి లేదు. సెంచరీ కొట్టినవాడికి ఓటే లేదు.

నాకు అసలు మండేది ఇక్కడ. లైటు బాయ్‌కి యూనియన్ ఉంది, ఆటోవాళ్ళకి ఉంది, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్లకి ఉంది. ఇప్పుడు ఆడుతున్న భారత క్రికెటర్లకి సంఘం లేదు. 2019లో ఒకటి పెట్టారు, అది రిటైరైనవాళ్ళకి మాత్రమే. ఆస్ట్రేలియాలో, ఇంగ్లండ్‌లో బోర్డుతో తేడా వస్తే ఆటగాడి తరఫున మాట్లాడే సంఘాలు దశాబ్దాలుగా ఉన్నాయి. మనవాడికి ఇన్‌స్టాగ్రామ్ ఉంది. కోహ్లీ స్థాయి అయితే పోస్టు పెట్టకుండానే పని జరుగుతుంది. విహారి స్థాయి అయితే పోస్టు పెట్టి, మంత్రిని కలవాలి. మా మేనల్లుడి స్థాయి అయితే కిట్టు అమ్ముకోవాలి. వాడు అమ్మలేదులెండి. ఆదివారాలు టెన్నిస్ బంతితో ఆడతాడు, అదీ ప్యాడ్లు కట్టుకుని. చూసినవాళ్ళు నవ్వుతారు.

నన్నడిగితే నాయకుల్ని క్రికెట్ నుంచి తరిమెయ్యమనను, అది జరిగే పని కాదు. సచిన్‌ని రాజ్యసభకి సరిగా రాలేదని మనమే తిట్టాం, కానీ నెల్లూరు జిల్లా పుట్టంరాజువారి కండ్రిగని దత్తత తీసుకుందీ ఆ ఎంపీయే. రండి, గెలవండి, స్టేడియాలకి మీ నాయకుల పేర్లు పెట్టుకోండి, ఉప్పల్‌కి, విశాఖకి ఎలాగూ పెట్టేశారు. కానీ సంఘాల ఓటర్ల జాబితాలో ప్రస్తుతం రంజీ ఆడుతున్న పిల్లల పేర్లు ఎక్కించండి. సెలక్షన్స్‌ని వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టండి, ఆరు బంతులైనా సరే. దానికి ఒక ఫోన్ చాలు. గొడుగు ఎటు పోయిందో అందరం చూస్తాం.

మొన్న మా బావ ఫోన్ చేశాడు. ఈసారి ఐపీఎల్‌కి పాసులు దొరుకుతాయట, పీఏ మారాడు గానీ దారి అదేనట. నేను రానన్నాను. 'నువ్వు రాకపోతే సీటు ఖాళీగా ఉంటుందా బావా? ఇంకొకడొస్తాడు' అన్నాడు. వాడన్నదీ నిజమే, నా దగ్గర జవాబు లేదు. బిర్యానీ బాగుంటుందని కూడా అన్నాడు.

ఇక కామెంట్లలో 'మీదే పార్టీ' అని అడగబోయేవాళ్ళకి ఒక మాట. విహారి తరఫున రాసినప్పుడు నన్ను పసుపన్నారు. సంఘం ఏకగ్రీవం మీద రాస్తే నీలమన్నారు. ఇది చదివి ఏం రంగంటారో తెలీదు. అంత తొందరగా ఉంటే రాయుణ్ణి అడగండి. 2023 డిసెంబరు ఆఖర్న వైసీపీలో చేరి, సంక్రాంతి ముగ్గులు పడేలోపే బయటికొచ్చి పవన్ కల్యాణ్‌ని కలిసొచ్చాడు. రంగుల గురించి నాకంటే ఆయనకే బాగా తెలుసు.