షెడ్డు కూలితే గానీ బయటపడని కార్లు

వెస్ట్ మారేడుపల్లిలో మా మిత్రుడి పెదనాన్న గారి ఇంటిని నిరుడు డెవలప్‌మెంట్‌కు ఇచ్చారు. పాతకాలపు ఇల్లు. వెనక పూడిన బావి, రెండు మామిడి చెట్లు, ప్రహరీకి ఆనుకుని రేకుల షెడ్డు. కొలతలు తీసుకోవడానికి వచ్చిన బిల్డరు మనుషులు షెడ్డు కూడా తెరవమన్నారు. తాళం చెవి దొరకలేదు. గడ్డపారతో గొళ్లెం ఊడబెరికితే లోపల విరిగిన ఉయ్యాల బల్ల, రాయిలా గట్టిపడిన సిమెంటు బస్తాలు, ఎవరి పెళ్లివో మిగిలిపోయిన శుభలేఖల కట్ట, వాటన్నిటి వెనక టార్పాలిన్ కప్పిన ఎంజీ టీసీ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, సన్నటి స్పోకుల ఎత్తైన చక్రాలు, ముందుకు పడుకోబెట్టగలిగే అద్దం. ఇంగ్లండులో 1945 నుంచి 1949 వరకు తయారైన బండి.

ఫొటో వాట్సాప్‌లో పెట్టగానే అందరిదీ ఒకటే మాట: "భలే దొరికిందే!"

పోయిందెప్పుడని దొరకడానికి? కారు అక్కడున్న సంగతి పెద్దమ్మకు తెలుసు, ఆవిడ ముగ్గురు పిల్లలకూ తెలుసు. చిన్నప్పుడు అందులో ఎక్కి కూర్చుని నోటితో హారన్ కొడుతూ స్టీరింగు తిప్పినవాళ్లే వాళ్లు. తెలిసి కూడా నలభై ఏళ్లకు పైగా ఎవరూ దాని జోలికి పోలేదు. విదేశాల్లో ఇలాంటి కార్లు బయటపడినప్పుడల్లా మన పత్రికలు నిధి దొరికినట్టు రాస్తాయి. కొంచెం తవ్వి చూస్తే దాదాపు ప్రతి కథలోనూ ఆ బండి ఎక్కడుందో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది.

ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో ఒక వైద్యుడు 1955లో బుగాటీ టైప్ 57ఎస్ అటలాంటే కొన్నాడు. ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లె మాన్ కార్ల రేసు గెలిచిన ఎర్ల్ హోవ్ దానికి తొలి యజమాని. వైద్యుడు కొన్నేళ్లు నడిపి, 1960 ప్రాంతంలో ఇంటి గ్యారేజీలో పెట్టి తలుపు వేశాడు. కొంటామని వచ్చినవాళ్లను వెనక్కి పంపాడు. ఆయన పోయాక వారసులు తలుపు తీశారు. 2009లో పారిస్ వేలంలో అది 34 లక్షల యూరోలు పలికింది. ఫ్రాన్స్‌లో ఒక రవాణా వ్యాపారి మ్యూజియం పెట్టాలని వరసగా పాత కార్లు కొన్నాడు. వ్యాపారం దెబ్బతినడంతో అవి పొలంలోని షెడ్ల కింద ఉండిపోయాయి. 2015లో సుమారు 60 కార్లు వేలానికి వచ్చాయి. నటుడు అలాన్ డెలాన్ ఒకప్పుడు నడిపిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ వాటిలో ఒకటి. గ్యారేజీలో పాత పత్రికల కట్టల కింద పడి ఉన్న ఆ కారు 1.63 కోట్ల యూరోలకు పోయింది.

అసలు వీటిని మూలపడేయడానికి కారణాలు వింటే నవ్వొస్తుంది. మారేడుపల్లి బండి ఆగింది టైర్ల కోసం. పెదనాన్న రైల్వేలో ఇంజనీరు. బదిలీ మీద వెళ్తున్న ఒక సైనికాధికారి దగ్గర కంటోన్మెంట్‌లో ఈ కారు కొన్నారట. టీసీకి కావలసినవి 19 అంగుళాల సన్న టైర్లు. విదేశీ మారకం కొరతతో దిగుమతులకు గేట్లు వేసిన రోజులవి. అరిగినవాటితోనే కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. ఈలోగా 1973 చమురు సంక్షోభం వచ్చి ముడిచమురు ధర నెలల్లో నాలుగింతలైంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు, బండికి రెండు సీట్లు. స్కూటరు కొన్నారు. "టైర్లు దొరికాక చూద్దాం" అని కారును షెడ్డులో పెట్టారు. ఆ చూడటం ఆయన జీవితకాలంలో కాలేదు.

అమ్మేయవచ్చు కదా అంటే, ఎవరు కొంటారు? ప్రతి స్పోర్ట్స్ కారుకూ ఒక గడ్డుకాలం ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు మోజు. చాలా పాతదయ్యాక మళ్లీ మోజు. నడుమ పాతికేళ్లు అది ఉత్త పాత బండి: పెట్రోలు తాగుతుంది, కుటుంబం పట్టదు, విడిభాగం దొరకదు. ఫెరారీ 250 జీటీవో తయారైనవి 36. రేసుల్లో దాని పని అయిపోయాక, 1960ల చివర్లో అవి కొన్ని వేల డాలర్లకే చేతులు మారాయి. 2018లో కాలిఫోర్నియా వేలంలో ఒకటి 4.84 కోట్ల డాలర్లకు పోయింది. అంతటి బండికే ఆ గతి పడితే మామూలు ఎంజీ సంగతి చెప్పేదేముంది. చాలా కార్లు ఈ గడ్డుకాలంలోనే తుక్కయిపోయాయి. బతికి బట్టకట్టినవి ఖాళీ జాగా ఉన్నవాళ్ల ఇళ్లలోనివే. వీటిని యజమాని ప్రేమే కాపాడిందని రాస్తుంటారు. బద్ధకం కాపాడిందని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఆ లెక్కన పాత హైదరాబాదు ఇలాంటి బద్ధకానికి పుట్టినిల్లు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1971లో రాజభరణాలు పోయాయి. దేవిడీల్లో, అంటే నవాబుల పాత భవంతుల్లో, బండి నడిపే స్తోమత తగ్గింది గానీ బండి పెట్టుకునే జాగా తగ్గలేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ముందు నిలబడి సెల్ఫీలు తీసుకునేవాళ్లు దాని ధర ఎంతుంటుందని అడుగుతారు. వందేళ్లు దాటిన బండిని ఇన్నాళ్లు ఏ కప్పు కింద ఉంచారని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. వాతావరణం కూడా కలిసొచ్చింది. దక్కను పీఠభూమి గాలి పొడిగా ఉంటుంది. ఇదే కారు విశాఖ బీచ్ రోడ్డులో నలభై ఏళ్లుంటే ఉప్పుగాలికి అడుగు రేకు మిగలదు.

అయితే జాగా కాపాడిన కారును బయటికి తోసేదీ జాగానే. మన దగ్గర పాత కారు బయటపడేది కార్ల ధర పెరిగినప్పుడు కాదు, గజం ధర పెరిగినప్పుడు. మారేడుపల్లిలోనో, హిమాయత్‌నగర్‌లోనో, బర్కత్‌పురాలోనో ఓ పెద్దాయన పోతాడు. పిల్లలు అమెరికాలోనో గచ్చిబౌలిలోనో ఉంటారు. వాటాలు తేలాలి. వెయ్యి గజాల ఇల్లు డెవలప్‌మెంట్‌కు వెళ్తుంది. ఆ రోజు షెడ్డు తలుపు తీయక తప్పదు. నాలుగు దశాబ్దాల పాటు ఎవరూ తీసుకోని నిర్ణయాన్ని జేసీబీ వచ్చే లోపు తీసుకోవాలి.

ఆ నాలుగైదు రోజుల్లో ముందు ఎవరు వస్తారన్న దాని మీదే కారు బతుకు ఆధారపడి ఉంటుంది. మారేడుపల్లికి ముందొచ్చింది పాత ఇనుము వ్యాపారి. టీసీ బరువు ఎనిమిది వందల కిలోలకు కాస్త తక్కువ. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఉయ్యాల బల్లతో సహా కిలో లెక్కన ధర చెప్పాడు. పెద్దకొడుకు సరేనన్నంత పని చేశాడు. మా మిత్రుడు ఫొటో పెట్టింది ఆ సాయంత్రమే కాబట్టి సరిపోయింది. వార్తల్లోకెక్కే ప్రతి కారు వెనకా ఇలా కాటాకు ఎక్కినవి ఎన్నో ఉంటాయి. వాటికి వార్త ఉండదు.

సరే, బయటపడింది. ఇంత ఖర్చు పెట్టి బాగుచేయడం దేనికి? కోట్ల ధర పలికే బండ్లకు జవాబు తేలిక, అక్కడ ఖర్చు పెట్టుబడి. దాంతోపాటు వయసు లెక్క కూడా ఒకటి పనిచేస్తుంది. పదేళ్ల వయసులో ఏ బండిని నోరు తెరుచుకుని చూశాడో, యాభై దాటి చేతిలో డబ్బు ఆడాక మనిషి దాన్నే వెతుక్కుంటూ వెళ్తాడు. కాబట్టి ప్రతి మోడల్‌కూ నలభై ఏళ్ల తర్వాత ఒక గిరాకీ రావడం వింత కాదు.

వెతికేవాడి చేతిలో ఉండే ఆధారం నంబరు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఫ్యాక్టరీ రికార్డులతో సరిపోతే చాలు, మిగతా బండి పొట్టులా రాలిపోతున్నా కొంటారు. దీని మీద లండన్ హైకోర్టులో 1990లో ఒక ముచ్చటైన తగాదా నడిచింది. 1929, 1930 లె మాన్ రేసులు గెలిచిన బెంట్లీ 'ఓల్డ్ నంబర్ వన్'ను కోటి పౌండ్లకు బేరమాడిన కంపెనీ, తర్వాత అడ్డం తిరిగింది. రేసు గెలిచిన నాటి భాగాలు ఇందులో దాదాపు ఏవీ లేవు కాబట్టి ఇది ఆ కారే కాదని వాదించింది. జడ్జి ఒప్పుకోలేదు. భాగాలు ఒక్కొక్కటిగా మారుతూ వచ్చినా బండి చరిత్ర తెగలేదు, అది అదే కారు అన్నారు. నాకైతే ఈ తీర్పు సబబుగానే తోస్తుంది. ఈ దేహంలో పుట్టిననాటిది ఏం మిగిలిందని మనల్ని మనం అడుగుతున్నామా?

మా మిత్రుడి టీసీకి ఈ పెట్టుబడి లెక్కలు వర్తించవు. అవి సుమారు పదివేలు తయారయ్యాయి. బాగుచేయించే ఖర్చు బండి ధరను మించే ప్రమాదమే ఎక్కువ. అయినా బాగుచేయిస్తున్నారు. ఎందుకంటే ఒకసారి షెడ్డు పోయాక బండి మళ్లీ నిద్రపోవడానికి చోటు లేదు. బిల్డరుతో ఒప్పందంలో మూడు రోజులు తెగని బేరం దీని గురించే: ఫ్లాట్లకు వచ్చే పార్కింగులు కాక కారుకు విడిగా ఒకటి. పెద్దమ్మ పట్టుబట్టి రాయించుకున్నారు. అపార్ట్‌మెంటు సెల్లారులో తుప్పు బండిని పెడితే అసోసియేషన్ వాళ్లు నెల కూడా ఊరుకోరు. నడవాలి, లేదా పోవాలి.

మల్కాజిగిరిలో ఒక ఉస్తాద్ షెడ్డుకు చేర్చారు. మొదటి వారమంతా ఆయన చేసిన పని సిలిండర్లలో డీజిల్, ఆయిల్ కలిపి పోసి ఎదురు చూడటం. పిస్టన్లు పట్టేసి ఉన్నాయి, బలవంతం చేస్తే బ్లాకు పగులుతుంది. ట్యాంకులో పెట్రోలు బెల్లం పాకంలా అడుగంటింది. అంతవరకు అనుకున్నదే. అసలు తంటా బోల్టులతో వచ్చింది. నట్టు తలకు బ్రిటిష్ కొలత పానా సరిగ్గా పట్టింది. మర చూస్తే మిల్లీమీటర్లలో ఉంది. రాణీగంజ్ నుంచి 8 మిల్లీమీటర్ల బోల్టులు తెప్పిస్తే రెండు చుట్లు తిరిగి ఆగిపోయాయి. మార్కెట్లో దొరికేదాని పిచ్, అంటే మర చుట్ల మధ్య దూరం, 1.25 మిల్లీమీటర్లు, ఈ ఇంజనుది 1.

దాని వెనక కథ ఉంది. హాచ్‌కిస్ అనే ఫ్రెంచి తుపాకుల కంపెనీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని కోవెంట్రీలో ఫ్యాక్టరీ పెట్టింది. ఎంజీకి కూడా యజమాని అయిన కార్ల తయారీదారు విలియం మోరిస్ 1923లో తన ఇంజన్ల కోసం దాన్ని కొన్నాడు. యంత్రాలన్నీ ఫ్రెంచి కొలతల్లో మరలు కోసేవి. యంత్రాలు మార్చడం ఖర్చు. ఇంగ్లీషు మెకానిక్కుల దగ్గరున్న పానాలు వేరు. అందుకని లోపలి మర ఫ్రెంచిది, పైన తల ఇంగ్లీషుది. ఆ బేరసారాలు ఈ బోల్టుల్లో బిగిసి ఉండి, సుమారు ఎనభై ఏళ్లకు మల్కాజిగిరిలో విప్పుకున్నాయి. బాలానగర్‌లో ఒక లేత్ షాపులో పాత బోల్టు నమూనా ఇచ్చి అరవై కోయించారు. ఉస్తాద్ విసుక్కోలేదు. "దీన్ని ఇంతకుముందు విప్పినవాడు మంచి చెయ్యి ఉన్నవాడు సార్, ఒక్క తల కూడా అరగలేదు" అన్నాడు. ఆ మంచి చెయ్యి పెదనాన్నదే.

రంగు దగ్గర ఇంట్లో గొడవైంది. తలుపు మీద కాస్త గీకితే పైన ఎరుపు, కింద ఆకుపచ్చ, దాని కింద నలుపు కనబడ్డాయి. ఏది అసలుది? కొత్తదానిలా తళతళలాడేలా చేయించాలని పిల్లలు. నేనైతే ఆ పక్షం కాదు. రీస్టోరేషన్ పేరుతో బండి ఒంటి మీది ఆధారాలన్నీ గీకి పారేసి, ఫ్యాక్టరీలో కూడా ఎన్నడూ లేని మెరుపు తెచ్చిపెట్టే అలవాటు చాలాకాలం నడిచింది. ఇప్పుడు గాలి మారింది. ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజోరె సరస్సు అడుగున డెబ్బై ఏళ్లకు పైగా మునిగి ఉన్న బుగాటీ బ్రెసియాను 2009లో పైకి తీస్తే, కొన్నవాళ్లు బాగుచేయించకుండా ఆ శిథిలాన్నే మ్యూజియంలో పెట్టారు. జపాన్‌లో నలభై ఏళ్లు షెడ్డులో ఉన్న అల్యూమినియం బాడీ ఫెరారీ డేటోనాను 2017లో దుమ్ము కూడా తుడవకుండా వేలం వేస్తే 18 లక్షల యూరోలు వచ్చాయి. 2024లో అమెరికాలో జరిగే పాత కార్ల అందాల పోటీ పెబుల్ బీచ్‌లో మొదటిసారి అగ్ర బహుమతి రీస్టోర్ చేయని కారుకు దక్కింది. బెల్జియం రాజు లియోపోల్డ్ ఒకప్పుడు నడిపిన ఆ బుగాటీ టైప్ 59 మీద రంగు పెచ్చులు లేచి ఉంది.

చట్టం పని మాత్రం అనుకున్నంత కష్టం కాలేదు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. పాత నంబరు ఉంటే దాన్నే ఉంచుకోవచ్చు. రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ఆర్‌సీ పుస్తకం పెద్దమ్మ బీరువాలో, పట్టుచీరల అడుగున ఉంది. రంగు అన్నచోట 'ఆకుపచ్చ' అని ఉంది. గొడవ అక్కడితో తీరింది.

తుప్పు తినని బండిని చెదలు తిన్నాయి. టీసీ బాడీ లోపల అస్థిపంజరం అంతా కర్రే, యాష్ అనే చలిదేశపు చెట్టుది. వెనక భాగం ముట్టుకుంటే పిండిలా రాలింది. అసలు కర్రే తెప్పించాలని తెలిసినవాళ్లు చెప్పారు. ఉస్తాద్ పిలిపించిన వడ్రంగి ఆ మాట పట్టించుకోలేదు. కూల్చిన ఇంటి ద్వారబంధాలు మామిడి చెట్టు కింద పేర్చి ఉన్నాయి, ముదురు టేకు. వాటినే కోసి అమర్చాడు. పోటీల్లో దీనికి మార్కులు పోతాయి. పెద్దమ్మ చూడటానికి వచ్చినప్పుడు ఇంకా సీటు బిగించలేదు. ఆవిడ వంగి లోపలికి చేయి పెట్టి వెనక దూలాన్ని తడిమారు. వడ్రంగి మూడు వైపులే చిత్రిక పట్టాడు. నాలుగో వైపు పండగ పండగకీ ఆవిడ పూసిన పసుపు అలాగే ఉంది.