పుస్తకం లండన్‌లో, ఊరు సముద్రంలో

న్యూకాజిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు వేసవి రాగానే హోలీ ఐలండ్ గుర్తొస్తుంది. పులిహోర డబ్బాలు సర్దుకుని వెళ్లడం, శిథిలాల ముందు ఫొటోలు దిగడం, సముద్రం రోడ్డును ముంచేలోగా ఇల్లు చేరడం ఆనవాయితీ. ఆ దీవికి అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చిన పాత చేతిరాత పుస్తకం, లిండిస్‌ఫార్న్ సువార్తలు, మాత్రం అక్కడ ఉండదు; లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంటుంది. దాన్ని తిరిగి పంపమని ఈశాన్య ఇంగ్లండ్‌వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. వాళ్లతో మనమూ గొంతు కలపాలని నా వాదన.

దీవి పాతపేరు లిండిస్‌ఫార్న్. నార్తంబర్లండ్ తీరాన రెండు వందల మంది కూడా లేని చిన్న ఊరు. 1954లో తెరిచిన రోడ్డును రోజుకు రెండుసార్లు పోటు మింగేస్తుంది. దాటదగిన వేళలు బోర్డు మీద రాసి ఉన్నా ఖాతరు చేయని కార్లు నీళ్లలో చిక్కుకుంటూనే ఉంటాయి. అలాంటివాళ్లు ఎక్కి కూర్చోవడానికే దారిలో పొడవాటి కాళ్ల మీద తెల్లటి గది ఒకటి నిలబెట్టారు. నడిచి వెళ్లే యాత్రికులకు ఇసుకలో పాతిన కొయ్యలే ఇప్పటికీ దారి చూపిస్తాయి.

635లో ఆ ప్రాంతాన్నేలే ఓస్వాల్డ్ రాజు పిలిపిస్తే స్కాట్లండ్‌లోని అయోనా దీవి నుంచి ఐడన్ అనే సన్యాసి వచ్చి ఇక్కడ మఠం పెట్టాడు. ఆ తర్వాత మఠాన్ని నడిపిన కత్‌బర్ట్ 687లో చనిపోయి ఆ ప్రాంతమంతటికీ ఇలవేల్పు లాంటివాడయ్యాడు. సుమారు 700 ప్రాంతంలో ఈడ్‌ఫ్రిత్ అనే బిషప్ దూడతోలు మీద నాలుగు సువార్తలనూ రాసి, రంగులతో అల్లికలు అల్లాడు. నేను చెబుతున్న పుస్తకం అదే. 793లో వైకింగులనే సముద్రపు దోపిడీదారులు మఠం మీద పడ్డారు. దాడుల భయం తీరక 875లో సన్యాసులు కత్‌బర్ట్ శవపేటికను భుజాలకెత్తుకుని దీవి విడిచారు. పుస్తకమూ వాళ్ల వెంట వెళ్లిందంటారు.

ఇప్పుడు మనం చూసే ఎర్రరాతి శిథిలాలు ఆనాటివి కావు. దక్షిణాన ఉన్న డరమ్ ఊరి సన్యాసులు పన్నెండో శతాబ్దంలో కట్టిన మఠానివి. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ దాన్ని మూయించాక ఆ రాళ్లు ఊడదీసి గుట్ట మీద కోట కట్టుకున్నారు. గోపురం కూలినా దాని కింది కమాను ఒకటి మాత్రం గాలిలో ఇంద్రధనుస్సులా నిలిచి ఉంది. కోటకు మనవాళ్లు ఇచ్చే విలువ కొంచెం ఎక్కువేనని నా అనుమానం. అయితే దాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విడిదిగా మార్చిన వాస్తుశిల్పి ఎడ్విన్ ల్యుటెన్స్, ఢిల్లీలో నిజాంకు హైదరాబాద్ హౌస్ గీసిచ్చినాయనే. కోటకంటే నాకు దాని దగ్గరున్న పాత చేపల పడవలు ఇష్టం. వాటిని బోర్లించి, తారు పూసి, తలుపులు బిగించి సామాను కొట్లుగా వాడుకుంటున్నారు.

శిథిలాల పక్కనే ఉన్న సెయింట్ మేరీస్ చర్చిలోకి మనలో చాలామంది తొంగి కూడా చూడరు. అది పారిష్ చర్చి, ఊరి గుడి. లోపల ఆరుగురు సన్యాసులు పేటిక మోస్తున్న నిలువెత్తు కొయ్య శిల్పం ఉంది. రంపపు కోతలు అలాగే వదిలేశారు, నునుపు చేయలేదు. వేదిక ముందు పరిచిన తివాచీని ఊరి ఆడవాళ్లే చేశారు. దాని మీది అల్లిక ఈడ్‌ఫ్రిత్ పుస్తకంలోనిది. అసలు పుట చేతికి రాకపోతే దారంతో కుట్టుకున్నారు. బయట ఒక రాయి ఉంది. పెళ్లయిన వధువు ఊరిపెద్దల చేతులు పట్టుకుని దాన్ని దూకాలి.

మఠాలు మూతపడ్డాక ఈ పుస్తకం చేతులు మారి సర్ రాబర్ట్ కాటన్ సేకరణలో చేరింది. మన గోదావరి కాటన్ దొర కాదు, ఆయనకు రెండు వందల ఏళ్ల ముందువాడు. అక్కడి నుంచి బ్రిటిష్ మ్యూజియానికి, ఆపైన బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లింది. 2013లో డరమ్‌కూ, 2022లో న్యూకాజిల్‌కూ చూపడానికి తెచ్చారు. మధ్యలో తొమ్మిదేళ్లు. వెలుతురు సోకితే రంగులు పాడవుతాయని గ్రంథాలయం చెప్పే మాట నిజమే. పన్నెండు వందల ఏళ్లు దాటిన పుస్తకాన్ని ఉప్పుగాలి దీవిలో పెట్టమని నేనూ అనను. పైగా అది దీవిని వదిలి వెయ్యేళ్లు దాటింది. ఆ సన్యాసులు తర్వాత స్థిరపడ్డ చెస్టర్-లె-స్ట్రీట్‌లో ఆల్‌డ్రెడ్ అనే పూజారి వరసల నడుమ ఆనాటి ఇంగ్లీషు అర్థాలు రాశాడు, కాబట్టి ఆ ఊరికీ హక్కుంది. సొంత ఇల్లు ఏదన్న తగాదా తెగకపోవచ్చు. కానీ ఫలానా సంవత్సరాలకొకసారి ఉత్తర ఇంగ్లండ్‌కు తప్పనిసరిగా వస్తుందని రాతపూర్వకంగా మాటివ్వడానికి అడ్డేమిటి? దయ తలచినప్పుడు పంపడం వేరు, వాయిదా ప్రకారం పంపడం వేరు.

ఇది మనకెందుకు అనేవాళ్లు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి గదికి వెళ్లి రండి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన స్తూపం పలకలు మద్రాసులో కొన్నాళ్లు పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. నూటికి పైగా శిల్పాలు అద్దాల వెనక ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఆ ఊళ్లో పుట్టిన పిల్లవాడు వాటిని చూడాలంటే వీసా కావాలి. లిండిస్‌ఫార్న్ పిల్లలకు కనీసం రైలు టిక్కెట్టు చాలు. రెండు కథలూ ఒకటి కావు: పుస్తకం ఒకే దేశంలో తిరుగుతోంది, మన పలకలు పరాయి పాలనలో తరలిపోయాయి. అయినా చిన్న ఊరికి దాని వస్తువును కాస్త చూపించండని అడిగే ఉత్తరం మీద మన సంతకం లేకపోతే, రేపు అమరావతి గురించి అడిగేటప్పుడు ఎవరి సంతకం కోరతాం?

మన తెలుగు సంఘం ఈ ఏడాది విహారయాత్ర వేస్తే, పోటు వచ్చి రోడ్డు మూసుకున్నాక కూడా దీవిలోనే ఉండేలా వేళలు చూసి వేయండి. పగటి జనం వెళ్లిపోయాక చర్చి దగ్గర ఊరివాళ్లతో మాట్లాడే తీరిక దొరుకుతుంది. ఉత్తరం ఎవరికి, ఎలా రాయాలో వాళ్లనే అడుగుదాం.