ఊపిరితిత్తిలో అదనపు గీత: ఒక సందేశానికి జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక సందేశం మూడు మాటలు చెబుతోంది. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు (లోబ్‌లు, అంటే ఊపిరితిత్తిలోని పెద్ద విభాగాలు), ఎడమదానికి రెండు, ఇది ఎవరిలోనూ మారని లెక్క. ఎక్స్‌రేలో అదనంగా గీత కనిపిస్తే అది టీబీ మచ్చే, వెంటనే మందులు మొదలుపెట్టాలి. ఇలాంటి తేడాలు శవాలను కోసి నేర్చుకునే డిసెక్షన్ హాలులో వైద్య విద్యార్థులకే గాని రోగులకు అక్కరకు రావు. మూడూ తప్పే. రెండోది మనుషులకు హాని చేసే తప్పు కూడా.

మూడు, రెండు అన్నది ఎక్కువమందిలో కనిపించే అమరిక మాత్రమే. డిసెక్షన్ హాలులో కుడి ఊపిరితిత్తి పై, మధ్య తమ్మెలను వేరుచేసే అడ్డచీలికలో వేలు పెట్టి లోపలికి జరిపితే, సగం దారిలోనే వేలు ఆగిపోయే ఊపిరితిత్తులు తరచూ దొరుకుతాయి. అక్కడి నుంచి పై తమ్మె, మధ్య తమ్మె విడిపోకుండా కలిసే ఉంటాయి. కొందరిలో ఆ చీలిక అసలే ఉండదు, మరికొందరిలో ఎడమవైపునా అలాంటిదే ఏర్పడుతుంది.

ఇక ఆ గీత సంగతి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైకొసన వెంట్రుకంత సన్నని గీత బయటివైపుకు విల్లులా వంగి కిందికి దిగి, చివర కన్నీటి బొట్టు లాంటి నీడతో ముగిస్తే, అది చాలావరకు అజైగస్ చీలికే. పిండదశలో ఊపిరితిత్తి కొసమీదుగా జరిగి పక్కకు చేరాల్సిన అజైగస్ అనే సిర, అలా జరగక, ఊపిరితిత్తిని కప్పి ఉండే ప్లూరా పొరలను వెంటబెట్టుకుని ఊపిరితిత్తిని కోసుకుంటూ దిగుతుంది. కింద కనిపించే బొట్టు ఆ సిరే. జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు వ్రిస్‌బర్గ్ దీన్ని 1777లోనే వర్ణించాడు. శవచ్ఛేదనల్లో సుమారు 1 శాతం మందిలో, ఎక్స్‌రేల్లో దాదాపు 0.4 శాతం మందిలో ఇది కనిపిస్తుంది. ఈ చీలిక వేరుచేసిన భాగానికి సొంత శ్వాసనాళం ఉండదు కనుక నిజానికి అది వేరే తమ్మె కూడా కాదు, దీనివల్ల దగ్గూ ఆయాసమూ రావు. టీబీ కూడా పైభాగాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి అనుమానం రావడం సహజమే, కానీ అనుమానం తీర్చాల్సింది కఫం పరీక్ష, అవసరమైతే సీటీ. కాలేయాన్ని దెబ్బతీయగల మందులను నెలల తరబడి ఒక సిర గీసిన గీతకు మింగించడం అన్యాయం. అజైగస్ చీలిక ఉన్నవారికీ టీబీ రావచ్చు కనుక రెండు వారాలకు మించిన దగ్గును మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

రోగులకు అక్కరలేదన్న మాటకు ఆపరేషన్ థియేటరే జవాబు. చీలిక అసంపూర్ణంగా ఉన్నప్పుడు ఒక తమ్మెను తొలగించాలంటే సర్జన్ ఊపిరితిత్తి కణజాలాన్నే కోయాలి, ఆ కోత నుంచి రోజుల తరబడి గాలి కారవచ్చు. ఎంఫసీమా (ఊపిరితిత్తుల్లోని గాలి గదులు దెబ్బతినే జబ్బు) రోగులకు పాడైన తమ్మెలోకి గాలి చేరకుండా శ్వాసనాళంలో అమర్చే కవాటాలు కూడా చీలిక పూర్తిగా ఉన్నవారికే బాగా పనిచేస్తాయి, లేకుంటే పక్క తమ్మె నుంచి గాలి దొడ్డిదారిన వచ్చి చేరుతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ట్రాకియల్ బ్రాంకస్. ఇందులో కుడి పై తమ్మెకు వెళ్లే శ్వాసనాళం, గొంతు నుంచి దిగే వాయునాళం రెండుగా చీలే చోటుకు పైనుంచే బయల్దేరుతుంది. మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేసినప్పుడు ఆ ద్వారం మూసుకుపోతే పై తమ్మె ముడుచుకుపోయి రక్తంలో ఆక్సిజన్ తగ్గవచ్చు. సీటీ రిపోర్టులో ఈ పేరు ఒక్క పంక్తిలో రాసి ఉన్నా, ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ఆ కాగితాన్ని ముందుగా మత్తు డాక్టరు చేతిలో పెట్టండి.