సవరణ: మౌజర్ 98 స్టాక్ స్క్రూ గురించి

టెక్సస్‌లో మా బావ దగ్గరున్న పాత మౌజర్ 98 వేట రైఫిల్‌కి స్టాక్ స్క్రూ (చెక్క భాగాన్ని తుపాకీకి బిగించేది) లోపలే విరిగిందనీ, దాన్ని తీసేశాక అంగుళానికి 28 మరలుండే పావు అంగుళం స్క్రూ పెడితే చాలనీ మొన్న రాశాను. అది తప్పు, 28 అనేది రెమింగ్టన్ 700 అనే వేరే రైఫిల్ లెక్క, నేను రెండూ కలిపేశాను. మౌజర్ 98కి అసలు ఉండేది 22, పాత తుపాకులు బాగుచేసే ఒకాయన చెప్పాక విడిభాగాల కేటలాగ్‌లో కూడా చూసుకున్నాను. 28ది ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, బలవంతం చేశారో రిసీవర్ (స్క్రూ ఎక్కే తుపాకీ లోహపు భాగం) మరలే పోతాయి, అప్పుడు స్క్రూ ఖర్చుతో అయ్యే పని కాదది. ఎవరో మధ్యలో మర మార్చి ఉండొచ్చు కాబట్టి థ్రెడ్ గేజ్‌తో కొలిచాకే కొనండి. విరిగిన ముక్కని ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్‌తో తీయడం గురించి రాసింది మాత్రం సరైనదే, తుపాకీ ఖాళీగా ఉందని ముందు చూసుకోండి.