తెప్ప మీద టీవీనా? అపచారం!

మా తోడల్లుడు డాలస్ నుంచి పెరూ వెళ్ళొచ్చాడు. మూడు విమానాలు మారి, ఎత్తు పడక దారంతా మాత్రలు మింగి, 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సు దాకా పోయాడు. అక్కడ తుంగ దీవుల మీద బతికే ఉరోస్ జనాన్ని సరిగ్గా నలభై నిమిషాలు పరిశీలించి తీర్పు చెప్పాడు. "అంతా డ్రామా అన్నయ్యా. వాళ్ళింట్లో టీవీ ఉంది!"

ఘోరమే మరి. టొటోరా అనే తుంగ వేళ్ళ దిమ్మల్ని రంపంతో కోసి, తాళ్ళతో కలిపి కట్టి, పైన తుంగను నిలువుగా ఓ వరస, అడ్డంగా ఓ వరస పరిచి, అడుగున కుళ్ళేకొద్దీ పైన కొత్తది వేస్తూ, కాళ్ళ కింద నేలను కూడా తామే తయారుచేసుకునే మనుషులు సాయంత్రం పూట సీరియల్ చూడొచ్చా?

ఇకమీద పద్ధతి ఉండాలి. మోటారు పడవ చప్పుడు వినగానే ఇల్లాలు ఫోను తుంగ కింద దాచాలి. సోలార్ ప్యానెల్ మీద దుప్పటి కప్పాలి. ఇంటాయన తుంగ పడవెక్కి కాస్త దిగులుగా దూరం చూడాలి. పిల్లాడు స్కూలు యూనిఫాంలో దొరికిపోయాడా, పర్యాటకులు వెళ్ళేదాకా వాణ్ణి నీళ్ళలో మునిగి ఉండమనాలి. చలే అనుకోండి, సంస్కృతి అన్నాక తప్పదు. స్పానిష్ మాట్లాడితే జరిమానా. ఇప్పుడు వాళ్ళాడే అయ్మారా భాష మాట్లాడినా తోడల్లుడు ఒప్పుకోడు, తాతల నాటి అసలు ఉరు భాష ఎందుకు పోగొట్టుకున్నారంటాడు. ఆయన కూతురికి తెలుగులో వచ్చిన మాట "అమ్మమ్మా" ఒక్కటే.

చీకటి పడితే కొవ్వొత్తి వెలిగించాలట. ఫోటో బాగా వస్తుందట.

ఇల్లు ఎండు తుంగ, పడక ఎండు తుంగ, నేలా అదే. దాని మధ్య నిప్పు పెట్టుకుని, ఎప్పుడు అంటుకుంటుందోనని భయపడుతూ బతికినవాళ్ళకి ఒక బల్బు వస్తే నీకేమయ్యా నొప్పి? 1986లో తుపాను దీవుల్ని చెల్లాచెదురు చేస్తే ఒడ్డునున్న పునో ఊరికి దగ్గరగా జరిగారు. ఆ ఊరి మురుగు సరిగా శుద్ధి కాకుండానే సరస్సులో కలుస్తోంది. పునో హోటల్లో రెండు రోజులు నువ్వు నొక్కిన ఫ్లష్‌కీ అందులో వాటా ఉంది. వాళ్ళు తినేది ఆ నీళ్ళలో పెరిగిన తుంగ మొదళ్ళూ చేపలూ. స్వచ్ఛత గురించి మాట్లాడేది నువ్వా!

వాళ్ళ పద్ధతుల్లో ఒకటి మాత్రం నాకు తెగ నచ్చింది. పక్కవాళ్ళతో పడకపోతే దీవిని రంపంతో కోసి, ఎవరి ముక్క వాళ్ళు తోసుకుపోతారట. సర్వేయరు అక్కర్లేదు, కోర్టు వాయిదాలు లేవు. తోడల్లుడు ఇంకో నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉంటాడు. చూపించాల్సిన ఫోటోలు ఇంకా ఆరొందలున్నాయట. హాల్లో సోఫా ఉన్నంత మేర కోసుకున్నా చాలు. మా ఖర్మ, సిమెంటు నేల.